కారుల స్క్రీన్లు, డ్యాష్‌క్యామ్ పెట్టిస్తే కరెంటు యాడికెల్లి తీసుకోవాలె?

దేవరకొండ తమ్మి అడిగింది మళ్లొకసారి చెప్తా, ఎందుకంటే ఇదే ముచ్చట నా దుకాణానికి వచ్చేటోళ్లు మస్తు మంది అడుగుతరు. సెకండ్ హ్యాండ్ల ఎర్టిగా సీఎన్‌జీ కొన్నడు, ట్యాక్సీ నడుపుతడు. ముందర 10 ఇంచుల ఆండ్రాయిడ్ స్టీరియో, ముందు సీట్ల హెడ్‌రెస్టులకు రెండు స్క్రీన్లు, అద్దానికి డ్యాష్‌క్యామ్, ఎన్క రివర్స్ కెమెరా పెట్టిద్దామని ఉన్నడు. ఫిట్టింగ్ చేసేటాయన అన్నిటికి కలిపి సిగరెట్ లైటర్ సాకెట్ వైరుకెల్లి కరెంటు తీస్తా, స్టీరియో పసుపు వైరు ఎర్ర వైరు ఒక్కకాడ ముడేస్తా, ఏం గాదు అన్నడట. గట్లనే చేపిచ్చుకున్న దోస్తు బండి మూడు రోజులు నిలబెడితే సెల్ఫ్ అందుకోలేదట. ఇంకొకాయన అన్నీ డైరెక్ట్ బ్యాటరీకెల్లి తీస్కో అన్నడట. ఏది కరెక్టు, ఇంకా బండి నడిచేటప్పుడు వీడియో రావాలంటే ఏదో వైరు బాడీకి కలపాలంట నిజమేనా, ఇదీ ప్రశ్న.

సీదా జవాబు: అన్నీ సాకెట్ వైరుకు వద్దు, అన్నీ డైరెక్ట్ బ్యాటరీకీ వద్దు. స్టీరియోకు బండిల వచ్చిన ఒరిజినల్ కప్లరే (వైర్లన్నీ కలిపి గుచ్చే ప్లాస్టిక్ కనెక్టర్) సాలు, పసుపు ఎర్ర అస్సలు కలపొద్దు. ఎన్క స్క్రీన్లకు బ్యాటరీకెల్లి వేరే లైను లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టి, నడుమ రిలే (కొద్ది కరెంటుతోని పెద్ద లైనును ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు) పెట్టి, కీ తీస్తే బంద్ అయ్యేటట్టు చేపిచ్చుకో. డ్యాష్‌క్యామ్‌కు ఫ్యూజ్ బాక్సుల ఫ్యూజ్ ట్యాప్, అంటే ఉన్న ఫ్యూజ్ జాగల గుచ్చి ఇంకో లైను తీసే ముక్క. కెమెరాకు రివర్స్ బల్బు వైరు. ఇగ ఎందుకో చెప్తా, జర ఓపికతోని చదువు.

ముందుగాల లెక్క చూద్దాం. స్టీరియో మామూలు సౌండ్ల 3, 4 ఆంపియర్లు తింటది, సౌండు ఫుల్ పెట్టి పాటలు కొడితే 8, 10 దాకా పోతది. హెడ్‌రెస్ట్ స్క్రీన్ ఒక్కోటి ఒకటి, ఒకటిన్నర ఆంపియర్ అనుకో, రెండిటికి 3. డ్యాష్‌క్యామ్ 12 వోల్టుల లెక్కన అర ఆంపియర్ లోపటే. రివర్స్ కెమెరా అయితే లెక్కకే రాదు, 0.15 అట్ల. మొత్తం కలిపితే సల్లగ నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లు, పెండ్లి బారాత్ రోజు 13, 14. ఇప్పుడు సాకెట్ ఫ్యూజ్ చూడు, చానా బండ్లల్ల 15 ఆంపియర్లది ఉంటది, దాని మీదనే ప్యాసింజర్లు ఫోన్ ఛార్జర్లు పెడ్తరు, ట్యాక్సీల ఇద్దరు ముగ్గురు ఒక్కసారే పెడ్తరు, టైరుకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ పెట్టిండంటే అదొక్కటే 10 ఆంపియర్ల దగ్గరికి పోతది. ఫ్యూజ్ కొట్టేస్తది. కొడితే మంచిదే, దాని పని అదే. కానీ ఆడికెల్లే అసలు కథ షురూ అయితది: ఫ్యూజ్ మాటిమాటికి పోతుందని 15 తీసి 20 పెడ్తరు, 20 పోతే 30 పెడ్తరు, కొందరైతే సిగరెట్ ప్యాకెట్ల వెండి కాగితం చుట్టి కూడ పెడ్తరు. సాకెట్ వైరు మాత్రం కంపెనోడు 15కే సరిపోను ఏసిండు.

ఫ్యూజ్ ఉండేది స్క్రీన్‌ను కాపాడనీకి కాదు, వైరును కాపాడనీకి. ఇది మా పనిల ఉన్నోళ్లకే సగం మందికి తలకెక్కలేదు. స్క్రీన్ కాలిపోతే రెండు మూడు వేలు పోతయి, వైరు కాలితే బండే పోతది. కల్వకుర్తి దిక్కు నుంచి ఒక ట్యాక్సీ వచ్చింది, శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటినంక ఘాట్ల ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే ఆపిచూసిన్రట. నేను కార్పెట్ లేపి చూస్తే డ్రైవర్ సీటు కింద స్క్రీన్ల వైరు ఇన్సులేషన్ మొత్తం కరిగి కార్పెట్‌కు అంటుకొని ఉన్నది. సీటు పట్టా ముందుకు ఎన్కకు జరిగేకాడ వైరు నలిగి బాడీకి షార్ట్ అయ్యింది, లైనుల ఉన్న ఫ్యూజేమో 30. అంత సన్న వైరుకు 5 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే షార్ట్ కాంగనే ఫ్యూజ్ పోయేది, స్క్రీన్ బంద్ అయ్యేది, కథ ఆడికే అయిపోయేది.

అందుకే వైరు సైజును బట్టి ఫ్యూజ్. నేను వాడే లెక్క: 0.5 స్క్వేర్ ఎంఎం వైరుకు 5 ఆంపియర్లు, 0.75కు ఏడున్నర, 1 స్క్వేర్‌కు 10, ఒకటిన్నరకు 15, రెండున్నరకు 20. ఇంతకంటే ఎక్కువ కూడ తట్టుకుంటయని పుస్తకాల ఉంటది, నిజమే, కానీ మన ఎండలల్ల, కట్ట కట్టి కార్పెట్ కింద దాచిన వైరుకు నేను గింతే ఇస్తా. బ్లేడ్ ఫ్యూజులకు రంగులు ఉంటయి, గుర్తు పెట్టుకో, దుకాణమోడు ఏం పెట్టిండో నువ్వే చూడొచ్చు: లేత గోధుమ రంగు 5, ముదురు గోధుమ రంగు ఏడున్నర, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. స్క్రీన్ల లైనుల ఆకుపచ్చది కనబడ్డదంటే ఆ ఫిట్టింగ్ చేసినోని దగ్గరికి మళ్ల పోకు.

ఇగ పసుపు, ఎర్ర వైర్ల ముచ్చట. స్టీరియోకు పసుపు అంటే ఎప్పుడూ కరెంటు ఉండే లైను, కీ ఉన్నా లేకున్నా. గంట, రేడియో స్టేషన్లు, సెట్టింగులు యాది పెట్టుకునేది దాంతోనే, అసలు పవర్ మొత్తం పోయేది కూడ దాంట్లకెల్లే. ఎర్ర వైరు ఏసీసీ, అంటే కీ తిప్పితేనే కరెంటు వచ్చేది. దాంట్ల పెద్దగ కరెంటు పోదు, 'ఇగ లే' అని స్టీరియోకు చెప్పేది గంతే. నలుపు ఎర్త్, అంటే బాడీకి కలిపే మైనస్ లైను. ఇది చానా సెట్లల్ల ఉండే లెక్క, అయినా రంగు మీద నమ్మకం పెట్టొద్దు, ముఖ్యంగ డ్యాష్‌క్యామ్ కిట్లల్ల కంపెనీకొక తీరు ఉంటది, వైరు మీద అతికించిన చీటీల బ్యాట్ అని ఉన్నదా ఏసీసీ అని ఉన్నదా చదువుకో.

రెండు కలిపి బ్యాటరీ లైనుకు ముడేస్తే ఏమైతది? కీ తీసినా స్టీరియోకు నిద్ర పట్టదు. స్క్రీన్ నల్లగ కనబడుతది, నువ్వు బంద్ అయ్యింది అనుకుంటవు, లోపట ప్రాసెసర్, యాంప్లిఫయర్ మేలుకొనే ఉంటయి. 0.6 ఆంపియర్ తింటుంది అనుకో, 24 గంటలకు 14 ఆంపియర్ అవర్లు దాటుతది. చిన్న పెట్రోల్ కార్లల్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది మామూలు, అది కూడ కొత్తగ ఉన్నప్పుడు. రెండు రోజులల్ల 29 పోతది, మూడో రోజు సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కు అంటది. నీ దోస్తు బండికి గదే అయ్యింది, బ్యాటరీ తప్పు కాదు, కొత్త బ్యాటరీ కొనిపెట్టినా గట్లనే అయితది. అట్ల కాదు, రెండు కలిపి ఏసీసీకి ముడేస్తే బ్యాటరీ డౌన్ కాదు గానీ కీ తీసినప్పుడల్ల అన్నీ మర్చిపోతది, తిప్పినప్పుడల్ల మొదటికెల్లి బూట్ అయితది, పైగ ఎర్ర వైరు కోసం ఏసిన సన్న లైను మీద స్టీరియో మొత్తం లోడు పడుతది.

ఎర్టిగల ఒరిజినల్ కప్లర్ల బ్యాటరీ లైను, ఏసీసీ లైను, ఎర్త్, స్పీకర్ వైర్లు అన్నీ రెడీగ ఉంటయి. దానికి సరిపోయే కప్లర్ వైరింగు బజార్ల దొరుకుతది, ఫ్రేమ్‌తోని కలిపి అమ్ముతరు. ఒరిజినల్ వైరు కోయనియ్యకు. కోసి టేపు చుట్టిండంటే తర్వాత పాత స్టీరియో పెట్టి అమ్ముకుందామన్నా కష్టం, వారంటీ ఉన్న బండైతే షోరూమోడు వైరింగు కోసిన్రు అని చేతులు దులుపుకుంటడు. స్టీరియోకు వేరే యాంప్లిఫయర్, బేస్ బాక్స్ పెడ్తున్నవంటే లెక్క వేరు, దానికి బ్యాటరీకెల్లి సపరేట్ మందం వైరు కావాలె, నువ్వు అడగలేదు గనుక దాంట్లకు పోను.

స్క్రీన్ల లైను గురించి జర ఎక్కువ చెప్తా, తప్పులు ఎక్కువ ఈన్నే జరుగుతయి. బ్యాటరీ ప్లస్ కాడికెల్లి ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు తీయి. ప్లస్ టెర్మినల్ కాడ అడుగు, అడుగున్నర లోపట్నే వాటర్‌ప్రూఫ్ ఫ్యూజ్ హోల్డర్ పెట్టి 10 ఆంపియర్ ఫ్యూజ్ వెయ్యి. చానా మంది ఫ్యూజ్‌ను డ్యాష్‌బోర్డ్ కింద పెడ్తరు, మార్చుడు అల్కగ ఉంటదని. అట్ల పెడితే బ్యాటరీ నుంచి ఫైర్‌వాల్ (ఇంజను గదికి, లోపటికి నడుమ ఉండే రేకు గోడ) దాటి డ్యాష్‌బోర్డ్ దాకా ఉన్న వైరుకు రక్షణే లేదు, ఇంజను గదిల రాపిడి అయితే బ్యాటరీల ఉన్న కరెంటు మొత్తం ఆ షార్ట్‌లకెల్లే పోతది. ఫైర్‌వాల్ దాటించేకాడ ఉన్న రబ్బరు గ్రోమెట్లకెల్లే తీయాలె, రేకుకు బొక్క కొట్టి ఉత్త వైరు తీస్తే ఆరు నెలలకు అంచు కోస్తది. ఇంజను గదిల మొత్తం వైరు మీద ముడతల పైపు తొడుగు.

లోపటికి వచ్చినంక రిలే. నాలుగు కాళ్ల మామూలు 12 వోల్టుల రిలే సాలు. 30 నంబర్ కాలుకు బ్యాటరీ లైను, 87కు స్క్రీన్లకు పోయే లైను, 86కు ఏసీసీ, 85కు ఎర్త్. కీ తిప్పితే ఏసీసీ నుంచి కొద్దిగ కరెంటు, 0.15, 0.2 ఆంపియర్ అంత, రిలే కాయిలుకు పోయి లోపట పాయింట్లు కలుస్తయి, స్క్రీన్లకు కరెంటు బ్యాటరీకెల్లి పోతది. కీ తీస్తే ఖతం. అంటే బరువు బ్యాటరీ మీద, స్విచ్చు మాత్రం కీ చేతిల. బండి ఒరిజినల్ వైరింగు మీద లోడు పడలే, ఇటు బ్యాటరీ డౌన్ అయ్యే భయం లేదు. రిలే తీసుకున్నప్పుడు లోపట డయోడ్ ఉన్నది దొరికితే తీసుకో, కాయిల్ బంద్ అయినప్పుడు వచ్చే స్పైకును అది మింగుతది, కానీ దానికి 86 ప్లస్సు 85 మైనస్సే ఉండాలె, ఉల్టా పెడితే డయోడ్ కాలుతది.

రిలే తర్వాత రెండు స్క్రీన్లకు రెండు చిన్న ఫ్యూజులు, 3 ఆంపియర్లది ఒక్కోటి. ఎందుకంటే స్క్రీన్ వెంట వచ్చే వైరు వెంట్రుక లెక్క సన్నగ ఉంటది, ముందర ఉన్న 10 ఆంపియర్ ఫ్యూజ్ దాన్ని కాపాడలేదు. 86కు పోయే సన్న వైరుకు కూడ ఏసీసీ ఫ్యూజ్ కాడ చిన్న ఫ్యూజ్ ట్యాపే పెట్టాలె, గదే నియమం.

వైరు సైజుకు ఇంకో కారణం వోల్టేజ్. మన దిక్కు రైతులకు చెప్పాల్సిన పనే లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాడికెల్లి బోరు దాకా సన్న వైరు లాగితే మోటరు మూలుగుతది కదా, ఈడ కూడ అదే. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరుకు దగ్గర దగ్గర 0.018 ఓము ఉంటది. ముందుకెల్లి సీట్ల దాకా 4 మీటర్లు, ఎర్త్ వైరు కూడ గంతే దూరం తెస్తే పోను రాను 8 మీటర్లు, 3 ఆంపియర్లకు 0.43 వోల్టు దారిలనే పోతది. అర స్క్వేర్ వైరైతే 0.86 పోతది. ఇంజను నడిచేటప్పుడు 14 వోల్టులు ఉంటయి గనుక తెల్వదు. ఇంజను ఆపి ప్యాసింజర్ కోసం నిలబడి, బ్యాటరీ 12కు దిగినప్పుడు స్క్రీన్‌కు చేరేది 11 చిల్లర, అప్పుడే వీడియో ఆగుడు, స్క్రీన్ దానంతట అదే ఆన్ ఆఫ్ అయ్యుడు. అచ్చంపేట డ్రైవరన్న ఒకాయన స్క్రీన్లు ఖరాబని రెండుసార్లు మార్పిచ్చుకొని నా దగ్గరకు వచ్చిండు, స్క్రీన్లకు ఏ రోగం లేదు, లోపట ఏసింది స్పీకర్ వైరు, అది కూడ రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. ఆ పూత వైరుకు అదే సైజు రాగి వైరు కంటే రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ ఉంటది, ముడి కాడ తుప్పు కూడ పడుతది. కొనేటప్పుడు ఒక పోగు తీసి బ్లేడుతోని గీకి చూడు, లోపట తెల్లగ కనబడితే వద్దను.

సెల్ఫ్ కొట్టినప్పుడు స్క్రీన్ ఒకసారి ఆరిపోయి మళ్ల వస్తే అది వేరే, భయపడకు. చానా బండ్లల్ల స్టార్ట్ పొజిషన్ల ఏసీసీ లైను కట్ అయితది, బ్యాటరీ కూడ అప్పుడు 9, 10 వోల్టులకు పడుతది.

సీట్ల కింద జాగ్రత్త. పసుపు రంగు కప్లర్లు గానీ, పసుపు తొడుగు ఉన్న వైర్లు గానీ కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి, సీట్ బెల్టువి. వాటిని ముట్టొద్దు, టెస్ట్ ల్యాంపుతోని గుచ్చి చూసుడైతే అసలే వద్దు, బల్బు కరెంటుకే ఎయిర్‌బ్యాగు పేలొచ్చు. స్క్రీన్ వైరు హెడ్‌రెస్ట్ రాడ్ ఎంబడి దిగి సీటు కవరు లోపటికెల్లి కిందికి రావాలె, కింద సీటు మొత్తం ముందుకు, మొత్తం ఎన్కకు జరిపి చూసి అంత ఢీలా ఇడవాలె. సీటు పక్కకెల్లి ఎయిర్‌బ్యాగు వచ్చే బండైతే దాని మీదికెల్లి వైరు పోనియ్యొద్దు.

ఎర్త్ చిన్న పనే, కానీ సగం రోగాలు ఈన్నుంచే. డ్యాష్‌బోర్డ్ కింద బాడీకి కంపెనోడే ఎర్త్ ఇచ్చిన బోల్టు ఉంటది, అదే వాడు, రింగ్ లగ్ కొట్టి బిగించు. కొత్త కాడ పెడితే పెయింట్ గీకి రేకు మెరిసేదాక తీసి బిగించినంక గ్రీజు రాయి. సీటు బెల్టు బోల్టుకు, సీటు బోల్టుకు ఎర్త్ పెట్టొద్దు. ఇంకోటి, కొత్త బండ్లల్ల బ్యాటరీ మైనస్ టెర్మినల్ కాడ చిన్న డబ్బా లెక్క సెన్సార్ ఉంటది, ఎంత కరెంటు పోతుంది వస్తుంది అని లెక్క పెట్టేది. ఎర్త్ వైరు సీదా ఆ మైనస్ టెర్మినల్‌కే పెడితే నీ స్క్రీన్ల కరెంటు ఆ లెక్కకు రాదు. బాడీకి పెడితేనే లెక్కల పడుతది. సౌండ్ల ఇంజను తోని పాటు కీచుమని పెరిగే చప్పుడు, వీడియోల పైకి కిందికి జరిగే అడ్డ గీతలు వస్తే అన్ని పరికరాల ఎర్త్ ఒక్కకాడికి తెచ్చి చూడు, వీడియో వైరును పవర్ వైరు నుంచి దూరం జరుపు. ఎక్కువ మట్టుకు ఆడికే పోతది.

డ్యాష్‌క్యామ్‌కు ఫ్యూజ్ ట్యాప్ అన్న కదా. మూడు నాలుగు సైజులు ఉంటయి, నీ ఫ్యూజ్ ఒకటి పీకి తీసుకపోయి దానికి సరిపోయేది కొను. ఏ ఫ్యూజ్ కాడ పెట్టాలంటే స్టీరియో, సాకెట్, వైపర్ అసొంటి వాటికాడ, కీ తిప్పితేనే కరెంటు వచ్చేది చూసి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఈసీఎం (ఇంజను కంప్యూటర్), ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి పోవద్దు. ట్యాపుల పాత ఫ్యూజొకటి కొత్త ఫ్యూజొకటి రెండు పడ్తయి. ఫ్యూజ్ పీకినంక కీ ఆన్ చేసి ఏ గాడిల కరెంటు ఉన్నదో మీటరుతోని చూడు, ట్యాపుకు వైరు బయటికి వచ్చే దిక్కు కాకుండ దాని ఎదురు కాలు ఆ కరెంటు ఉన్న గాడిల పడాలె. ఉల్టా పెట్టినా పని చేస్తది, అందుకే ఎవరూ పట్టించుకోరు, కానీ అప్పుడు రెండు లోడ్లూ పాత ఫ్యూజ్ మీదికెల్లే పోతయి. వైరు పక్క పిల్లర్ పైకి పోయేటప్పుడు లోపట కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న బండైతే దాని ఎన్కకెల్లి పోవాలె, ముందరికెల్లి కాదు.

పార్కింగ్ మోడ్ (బండి ఆపి పెట్టినప్పుడు కూడ రికార్డు చేసుడు) కావాలంటే మూడు వైర్ల హార్డ్‌వైర్ కిట్ తీసుకో, దాంట్ల వోల్టేజ్ కట్ ఆఫ్ ఉంటది. ఫుల్ బ్యాటరీ ఇంజను ఆపి కొంచెంసేపు ఆగినంక 12.6 చూపిస్తది, 12.2 అంటే దగ్గర దగ్గర సగం. డబ్బా మీద 11.6 అని పెట్టి ఇస్తే దాన్ని 12.2కు మార్చు, అది లేకుంటే 12.0. 11.6 దాకా పోయిన బ్యాటరీతోని పొద్దుగాల సెల్ఫ్ అందుకోదు, అట్ల నాలుగుసార్లు పోతే బ్యాటరీ ఆయుష్షు కూడ పోతది. పార్కింగ్ మోడ్ల పావు ఆంపియర్ తిన్నా రోజుకు 6 ఆంపియర్ అవర్లు, 35ల సగం లెక్కపెట్టినా మూడు రోజులకు ఎక్కువ రాదు. దినాం తిరిగే ట్యాక్సీ గనుక నీకు నడుస్తది. నెలకొకసారి తీసే బండికి పార్కింగ్ మోడ్ వద్దంట నేను. లోపట లిథియం బ్యాటరీ కాకుండ కెపాసిటర్ ఉన్న క్యామే తీసుకో, పాలమూరు నల్లగొండ ఎండలల్ల మే నెల మధ్యాహ్నం మూసిన కారు అద్దం కాడ 60 డిగ్రీలు దాటుతది, బ్యాటరీ ఉన్నవి ఉబ్బుతయి.

రివర్స్ కెమెరాకు ఎన్క రివర్స్ బల్బు ప్లస్ వైరుకెల్లి కరెంటు, మామూలు బల్బు ఉన్న బండ్లకు ఏం ఇబ్బంది లేదు. ఎల్‌ఈడీ లైట్లు, కంప్యూటర్ కంట్రోల్ ఉన్న కొన్ని బండ్లల్ల ఆ లైనుల కరెంటు తెంపు తెంపుగ వస్తది, బొమ్మ వణుకుతది, దానికి చిన్న ఫిల్టర్ గానీ రిలే గానీ పెట్టాలె. నీది సీఎన్‌జీ కదా, ఇంకో మాట. డిక్కీల సిలిండర్, దాని నుంచి ముందుకు పోయే గ్యాస్ పైపు ఉంటయి, 200 బార్ ప్రెషర్ ఉండే లైను అది. కెమెరా వైరును అల్కగ ఉన్నదని ఆ పైపుకు ట్యాగ్ కట్టొద్దు, సిలిండర్ పక్కన వైరు ముడి ఉండొద్దు, కింద ఏముందో చూడకుండ డిక్కీ ఫ్లోర్‌కు స్క్రూ కొట్టనియ్యొద్దు.

ముళ్ల గురించి: రెండు వైర్లు మెలేసి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టుడు మన ఎండకు పనికిరాదు, రెండో ఎండాకాలానికి జిగురు కారి టేపు జారిపోతది. క్రింప్ కొట్టి హీట్ ష్రింక్ వెయ్యమను, పైన గుడ్డ టేపు. ఇంటి వైరింగు వైరు కూడ వద్దు, పోగులు మందం, బండి ఊపుకు లోపటనే తెగుతయి. పని షురూ చేసేముందు మైనస్ టెర్మినల్ ఊడదీయాలె, అయిపోయినంక చివర్ల పెట్టాలె, ఇది చేయకుండనే డ్యాష్‌బోర్డ్ ఇప్పే వాని దగ్గర పని చేపియ్యకు.

లారీ, బస్సు వాళ్లు కూడ ఇది చదువుతరు గనుక ఒక్క మాట. మీది 24 వోల్టులు, రెండు బ్యాటరీలు సిరీస్ల ఉంటయి. స్క్రీన్‌కు 12 కావాలె గదా అని ఒక్క బ్యాటరీ కాడికెల్లి 12 తీయుడు జడ్చర్ల హైవే మీద రోజూ చూస్త. ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జ్ అయితది, రెండోది ఎక్కువ ఛార్జ్ అయి నీళ్లు ఇగిరిపోతది, జత మొత్తం తొందరగ పోతది. 24ను 12 చేసే కన్వర్టర్ దొరుకుతది, 10 ఆంపియర్లది పెట్టుకోండ్రి.

ఇన్సూరెన్స్‌ల కూడ రాపియ్యి తమ్మీ. ఫ్యాక్టరీల రాని ఎలక్ట్రికల్ సామానుకు ఐఎంటీ 24 అని ఒక ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగ కలిపే షరతు) ఉంటది, పాత మోటార్ టారిఫ్ లెక్కన సామాను విలువ మీద 4 శాతం ప్రీమియం ఉండేది. బిల్లులు పెట్టుకో.

ఫిట్టింగ్ అయినంక నువ్వే చూసుకోవాల్సింది ఒకటుంది. బండి ఆపి, డోర్లు మూసి, కీ జేబుల పెట్టుకొని అరగంట ఆగు, బండి కంప్యూటర్లన్నీ నిద్రపోవాలె. మైనస్ టెర్మినల్‌కు, దాని కేబుల్‌కు నడుమ మల్టీమీటర్ 10 ఆంపియర్ల పొజిషన్ల పెట్టి, రీడింగ్ కుదురుకునేదాక ఆగి చూడు. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మంచిగున్నట్టే. 300, 500 చూపిస్తే ఒక్కొక్క కొత్త ఫ్యూజే పీకుకుంట రా, ఏది పీకితే పడిపోతదో దొంగ అదే. మీటర్ అట్ల ఉన్నప్పుడు కీ మాత్రం తిప్పకు, మీటర్ ఫ్యూజ్ పోతది.

ఇగ ఆఖరి ప్రశ్న, నడిచేటప్పుడు వీడియో కోసం బాడీకి కలపాలన్న ఆ వైరు. అది హ్యాండ్‌బ్రేక్ వైరు, చానా స్టీరియోలల్ల హ్యాండ్‌బ్రేక్ గుంజితేనే ముందర స్క్రీన్ మీద వీడియో వస్తది. దాన్ని బాడీకి కలిపితే బ్రేక్ ఎప్పుడూ గుంజే ఉన్నది అనుకొని నడిచేటప్పుడు కూడ వీడియో చూపిస్తది, అది నిజమే. నా దుకాణంల అడిగితే చెయ్య, ఎవరడిగినా చెయ్య. రాత్రి దేవరకొండ నుంచి సాగర్ రోడ్డు మీద ఎదురుంగ లైట్లు లేని ట్రాక్టర్ వస్తది, నీ కన్ను స్క్రీన్ మీద ఉంటది, ఎన్క ఐదుగురు కూసోని ఉంటరు. పైగ నీకు దాని అవసరమే లేదు. ప్యాసింజర్లు చూసేది ఎన్క స్క్రీన్లు, చానా సెట్లల్ల స్టీరియో ఎన్కకు ఇచ్చే వీడియో అవుట్‌కు ఆ వైరుతోని సంబంధం ఉండదు, హ్యాండ్‌బ్రేక్ దించినా ఎన్క సినిమా నడుస్తనే ఉంటది, ముందర నీకు మ్యాపు, రివర్స్ ఏస్తే కెమెరా. స్టీరియో కొనేముందు దుకాణంలనే టేబుల్ మీద పెట్టి ఆ వైరు ఇడిసి ఎన్క వీడియో వస్తుందో లేదో చూపియ్యమను, రాకుంటే వేరే మోడల్ తీసుకో. ఫిట్టింగ్ అయినంక మీటరు రీడింగ్ ఎంత వచ్చిందో ఈడ రాయి, ఎక్కువొస్తే ఏ ఫ్యూజ్ పీకితే ఎంత తగ్గిందో అది కూడ రాయి.